న్యూజెర్సీలో మెడికల్ కెన్నబిస్ కార్డు: మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

రొమ్ము క్యాన్సర్‌కి కీమో మూడో విడత అయ్యేసరికి మా అమ్మ తిండి మానేసింది. పెరుగన్నం వాసన కూడా పడేది కాదు. వాంతుల మాత్రలు రెండు రకాలు మార్చి చూశాక, క్యాన్సర్ డాక్టరే (ఆంకాలజిస్ట్) ఒకరోజు మెడికల్ కెన్నబిస్ మాట ఎత్తారు. ఆ తర్వాత రెండు వారాలు మేం పడ్డ తంటాలు అన్నీ ఇన్నీ కావు. అప్పటి నుంచి తెలిసినవాళ్లు, తెలిసినవాళ్లకి తెలిసినవాళ్లు ఫోన్ చేసి అడుగుతూనే ఉన్నారు. అందరివీ ఇంచుమించు అవే ప్రశ్నలు. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను.

ఇదంతా న్యూజెర్సీ గురించి. పక్కనే ఉన్న పెన్సిల్వేనియాకి, న్యూయార్క్‌కి నిబంధనలు వేరు. నేను డాక్టర్నీ కాదు, లాయర్నీ కాదు. అమ్మ కోసం ఈ దారి నడిచిన కూతుర్ని. మెడికల్ కెన్నబిస్ కొనడానికి రాష్ట్రం రోగికి ఇచ్చే ఈ కార్డు, దారి తెలిస్తే తెచ్చుకోవడం తేలికే. అంతకంటే ముందు ఇంట్లో ఎవరి ఇమిగ్రేషన్ కాగితాలు ఏ దశలో ఉన్నాయో చూసుకోవాలి. వీసా మీదో గ్రీన్ కార్డు మీదో ఉన్నవాళ్లు దయచేసి మూడో ప్రశ్న చదవకుండా ఏ డాక్టర్‌కీ ఫోన్ చేయకండి.

మెడికల్ కెన్నబిస్ అంటే గంజాయేనా?

అవును, అదే మొక్క. అమ్మకి ఈ మాట చెప్పినప్పుడు "ఛీ, గంజాయా! నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారే?" అంది. ఆమెకి తెలిసిన గంజాయి ఊరి చివర దమ్ము కొట్టేవాళ్లది, పేపర్లో పట్టుబడిన లారీలది. ఆ భయం తప్పని నేను అనను. కాకపోతే ఇక్కడ డిస్పెన్సరీలో, అంటే రాష్ట్రం లైసెన్సు ఉన్న దుకాణంలో, దొరికేది లాబ్‌లో పరీక్ష చేసి, ఏ పదార్థం ఎన్ని మిల్లీగ్రాములుందో లేబుల్ వేసిన సరుకు. నూనె చుక్కలు, క్యాప్సూల్స్, పూతమందు, నమిలే బిళ్లలు ఇలా రకరకాలుగా దొరుకుతుంది. పొగ తాగి తీరాలనేం లేదు; అమ్మ ఒక్కసారి కూడా తాగలేదు.

మొక్కలో ముఖ్యమైనవి రెండు. టీహెచ్‌సీ మత్తు ఇస్తుంది, వాంతుల మీద, ఆకలి మీద పనిచేసేది కూడా ప్రధానంగా అదే. సీబీడీ మత్తు ఇవ్వదు. మన శరీరమే ఇలాంటి పదార్థాన్ని తయారు చేసుకుంటుందని 1992లో జెరూసలేంలో రఫాయెల్ మెషూలం అనే శాస్త్రవేత్త బృందం కనిపెట్టింది. దానికి వాళ్లు పెట్టిన పేరు ఆనందమైడ్. అందులో ఉన్నది మన 'ఆనందం' అనే సంస్కృత పదమే. ఆ సంగతి చెప్పాకే అమ్మ ముఖం కాస్త విప్పారింది. పాశ్చాత్య వైద్యానికి ఈ మొక్కని గట్టిగా పరిచయం చేసినది కూడా 1839లో కలకత్తాలో పనిచేస్తున్న ఓషానెసీ అనే డాక్టరే.

న్యూజెర్సీలో 21 ఏళ్లు నిండిన ఎవరైనా కొనుక్కోవచ్చు కదా, కార్డు దేనికి?

నిజమే. 2021 ఫిబ్రవరిలో చట్టం వచ్చింది, 2022 ఏప్రిల్ 21 నుంచి పెద్దవాళ్లందరికీ అమ్ముతున్నారు. అయినా రోగికి కార్డు వల్ల నిజమైన లాభాలున్నాయి. కార్డు ఉన్నవాళ్లకి అమ్మకం పన్ను లేదు. 2022 జులై నుంచి పూర్తిగా తీసేశారు. మామూలుగా కొనేవాళ్లు 6.625 శాతం రాష్ట్ర పన్ను, దాని మీద చాలా ఊళ్లలో 2 శాతం వరకు స్థానిక పన్ను కడతారు. వాళ్లకి ఒక్కసారికి ఒక ఔన్సు దాకానే అమ్ముతారు. రోగికి 30 రోజులకి 3 ఔన్సుల దాకా డాక్టర్ రాయవచ్చు. 21 నిండనివాళ్లకి కార్డు తప్ప వేరే దారి లేదు. ఉద్యోగంలో కొంత రక్షణ కూడా ఉంది, అది కింద రాశాను.

నా దృష్టిలో వీటన్నిటికంటే పెద్ద లాభం, కార్డు దారిలో వెళ్తే మధ్యలో ఒక డాక్టర్ ఉంటారు. కీమోలో ఉన్న మనిషి దుకాణంలో కౌంటర్ వెనక కుర్రాడి సలహా మీద మందు తీసుకోకూడదు.

నేను హెచ్-1బీ మీద (లేదా గ్రీన్ కార్డు మీద) ఉన్నాను. కార్డు తీసుకోవచ్చా?

రాష్ట్రం అడ్డు చెప్పదు. న్యూజెర్సీ నివాసి అయితే చాలు, పౌరసత్వం అడగరు. చిక్కు అక్కడే ఉంది. "రాష్ట్రమే ఇచ్చిన కార్డు కదా, తప్పేముంది" అని మనవాళ్లు నిబ్బరంగా ఉండిపోతారు. ఇమిగ్రేషన్ రాష్ట్రం చేతిలో లేదు, ఫెడరల్ ప్రభుత్వం చేతిలో ఉంది. ఫెడరల్ చట్టం 1970 నుంచి గంజాయిని నియంత్రిత మాదకద్రవ్యాల జాబితాలో పెట్టింది. డాక్టర్ సిఫారసు, రాష్ట్రం కార్డు ఆ చట్టం ముందు రక్షణ కావు.

దెబ్బ ఎక్కడ తగులుతుందో విడిగా చెబుతాను. మొదటిది, కోర్టులో శిక్ష పడకపోయినా సరే, మాదకద్రవ్య చట్టాన్ని ఉల్లంఘించానని అధికారి ముందు మీ నోటితో మీరే ఒప్పుకుంటే దేశంలోకి ప్రవేశం నిరాకరించడానికి అదే కారణం కావచ్చు. ఇండియా వెళ్లి వచ్చేటప్పుడు నెవార్క్ విమానాశ్రయంలో అధికారి ఫోన్ తెరవమని, పర్సు చూపించమని అడగవచ్చు. పర్సులో ఈ కార్డు కనబడితే తర్వాత వచ్చే ప్రశ్న ఏమిటో మీరే ఊహించుకోండి. రెండోది, గ్రీన్ కార్డు కోసం చేసే వైద్య పరీక్షలో, అంటే ఐ-693 ఫారం నింపే డాక్టర్ దగ్గర, మాదకద్రవ్యాల వాడకం గురించి అడుగుతారు. మూడోది పౌరసత్వం. రాష్ట్ర చట్టం ప్రకారం తప్పు కాని గంజాయి వ్యవహారాలు కూడా 'సత్ప్రవర్తన' నిబంధనకి అడ్డు రావచ్చని 2019 ఏప్రిల్‌లో పౌరసత్వ దరఖాస్తులు చూసే ఫెడరల్ సంస్థ యూఎస్‌సీఐఎస్ స్పష్టంగా ప్రకటించింది. ఆ సత్ప్రవర్తనని సాధారణంగా వెనకటి 5 ఏళ్లకి, పౌరుడైన భర్తో భార్యో ద్వారా దరఖాస్తు చేస్తే 3 ఏళ్లకి చూస్తారు. డిస్పెన్సరీలో ఉద్యోగం చేయడం కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

అధికారి అడిగితే అబద్ధం చెప్పేయమని సలహా ఇచ్చేవాళ్లు మనలో ఉన్నారు. వినకండి. ఇమిగ్రేషన్‌లో అబద్ధం ఇంకా పెద్ద నేరం, జీవితాంతం వెంటాడుతుంది. ముందుగా ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. గంటకి కట్టే ఫీజు చూసి వెనకాడకండి. పదేళ్లు లైన్లో నిలబడి తెచ్చుకునే గ్రీన్ కార్డు కంటే అదేం ఎక్కువ కాదు.

ఇక్కడ చాలామందికి తెలియని మంచి సంగతి ఒకటుంది. టీహెచ్‌సీనే కృత్రిమంగా తయారుచేసిన డ్రోనాబినోల్ అనే మందుని కీమో వాంతుల కోసం, మందులకి అనుమతిచ్చే ఫెడరల్ సంస్థ ఎఫ్‌డీఏ 1985లోనే ఆమోదించింది.  ఇది మామూలు ప్రిస్క్రిప్షన్ మీద మామూలు ఫార్మసీలో దొరుకుతుంది. డాక్టర్ రాస్తే ఫెడరల్ చట్టం ప్రకారం కూడా పూర్తిగా సక్రమం, కార్డు అక్కర్లేదు. వీసా మీద ఉన్న రోగి డాక్టర్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే అని నా గట్టి నమ్మకం. కార్డు మాట ఆ తర్వాతే.

ఫెడరల్ ప్రభుత్వం కూడా గంజాయిని షెడ్యూల్ 3కి మారుస్తుందట కదా? అప్పుడు ఈ భయం పోతుందా?

పోదు. షెడ్యూల్ 3 అంటే ఆ మాదకద్రవ్యాల జాబితాలోనే కాస్త తక్కువ కట్టడి ఉన్న తరగతి. 2023 ఆగస్టులో ఆరోగ్య శాఖ సిఫారసు చేసింది, 2024 మేలో న్యాయ శాఖ ప్రతిపాదన పెట్టింది, 2025 డిసెంబర్‌లో త్వరగా తేల్చమని అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చింది. ఆ వార్తలు చూసి నాకు బోలెడు మెసేజ్‌లు వచ్చాయి. కానీ ఇమిగ్రేషన్ చట్టం పట్టించుకునేది నియంత్రిత మాదకద్రవ్యమా కాదా అన్నదొక్కటే. ఏ షెడ్యూల్‌లో ఉంది అన్నది దానికి అనవసరం. జాబితాలో మూడో మెట్టు మీద ఉన్నా జాబితాలో ఉన్నట్టే.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి విజిటర్ వీసా మీద కార్డు వస్తుందా?

న్యూజెర్సీ నివాసం రుజువు కావాలి కాబట్టి చూడ్డానికి వచ్చినవాళ్లకి ఈ దారి లేదు. "మరైతే పాస్‌పోర్ట్ చూపించి మామూలు కౌంటర్లో కొనేస్తాం" అనేవాళ్లకి నా సమాధానం, వద్దు. మళ్లీ వచ్చేటప్పుడు ఆ పెద్దాయన ఎయిర్‌పోర్టులో అధికారి ప్రశ్నలకి అమాయకంగా అంతా చెప్పేస్తాడు. మోకాళ్ల నొప్పులకి మనవడు ఇచ్చిన బిళ్ల కోసం మనవడినే మళ్లీ చూడలేని పరిస్థితి తెచ్చుకోవద్దు.

ఏ ఏ జబ్బులకి ఇస్తారు?

క్యాన్సర్, దీర్ఘకాలిక నొప్పి, మూర్ఛ, మల్టిపుల్ స్క్లెరోసిస్, ఏఎల్ఎస్ వంటి నరాల జబ్బులు, కండరాల క్షీణత, పార్శ్వపు నొప్పి, గ్లకోమా, క్రోన్స్ వంటి పేగువాపు జబ్బులు, ఆందోళన రుగ్మత, పీటీఎస్‌డీ, హెచ్ఐవీ, టూరెట్, తీవ్రమైన నెలసరి నొప్పి, ఓపియాయిడ్ (మార్ఫిన్ లాంటి గట్టి నొప్పి మందుల) వ్యసనం, ఇంకా ఏడాది లోపు ఆయుష్షే ఉందని డాక్టర్లు చెప్పిన ఏ జబ్బైనా. షుగర్, బీపీ, నిద్రలేమి జాబితాలో లేవు. షుగర్ వల్ల కాళ్లలో నరాల మంట ఏళ్ల తరబడి ఉంటే అది దీర్ఘకాలిక నొప్పి కిందికి రావచ్చు, తేల్చాల్సింది డాక్టర్.

నిజంగా పనిచేస్తుందా?

కొన్నింటికి బాగానే, కొన్నింటికి అంతంతమాత్రం, కొన్నింటికి అసలు లేదు. 2017లో అమెరికా జాతీయ అకాడమీల నివేదిక వేలాది అధ్యయనాలు తిరగేసి మూడింటికి గట్టి ఆధారం ఉందని చెప్పింది. పెద్దవాళ్లలో దీర్ఘకాలిక నొప్పి, కీమో వాంతులకి నోటి ద్వారా ఇచ్చే మందు, మల్టిపుల్ స్క్లెరోసిస్ వల్ల కండరాలు బిగుసుకుపోవడం. క్యాన్సర్‌ని ఇది నయం చేస్తుందని వాట్సాప్‌లో తిరిగే వీడియోలకి ఆధారం లేదు. దీన్ని నమ్మి కీమో ఆపేసినవాళ్లు ఉన్నారు, అది తలుచుకుంటేనే నాకు గుండె దడ.

గ్లకోమా సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. అది జాబితాలో ఉంది. కానీ అమెరికా కంటి డాక్టర్ల అకాడమీ దీన్ని సిఫారసు చేయదు. కంటి ఒత్తిడి తగ్గేది మూడు నాలుగు గంటలే. రోజంతా తగ్గించాలంటే రోజంతా మత్తులో ఉండాలి. చుక్కల మందు మానేసి దీని మీద ఆధారపడితే చూపు పోతుంది. ఒక జబ్బు జాబితాలో ఉన్నంత మాత్రాన ఇదే మంచి మందని కాదు.

అమ్మ విషయంలో వాంతులు పూర్తిగా పోలేదు. కానీ నాలుగో విడత తర్వాత మూడో రోజున తనంతట తనే చారన్నం అడిగింది. మాకు అదే ఎక్కువ.

కార్డు ఎలా తెచ్చుకోవాలి?

మొదట మీ జబ్బుకి సంబంధించిన వైద్య రికార్డులు చేతిలో పెట్టుకోండి: బయాప్సీ రిపోర్టో, ఎంఆర్ఐనో, వాడుతున్న మందుల జాబితానో. తర్వాత రాష్ట్ర మెడిసినల్ కెన్నబిస్ ప్రోగ్రామ్‌లో నమోదైన వైద్యుల దగ్గరికి వెళ్లాలి. డాక్టర్లే కాదు, నర్స్ ప్రాక్టిషనర్లు, ఫిజిషియన్ అసిస్టెంట్లు కూడా నమోదై ఉంటారు. జాబితా కెన్నబిస్ రెగ్యులేటరీ కమిషన్ వెబ్‌సైట్‌లో ఊరి పేరుతో వెతుక్కోవచ్చు. మీ ఆంకాలజిస్టో న్యూరాలజిస్టో అందులో ఉంటే అంతకంటే అదృష్టం లేదు, ముందు వాళ్లనే అడగండి. వీడియో కాల్‌లో చూసే డాక్టర్లు కూడా ఉన్నారు.

వాళ్లు చూసి, అర్హత ఉందనుకుంటే తమ పోర్టల్‌లో మీ పేరు ఎక్కించి, మీకు రిజిస్ట్రీ నంబరు, రిఫరెన్స్ నంబరు ఇస్తారు. ఆ రెండూ లేకుండా మీరు ముందుకి కదల్లేరు. వాటితో రాష్ట్రం సైట్‌లో మీరు నమోదు చేసుకోవాలి: ప్రభుత్వ గుర్తింపు కార్డు, న్యూజెర్సీ చిరునామా రుజువు, ఫొటో. మా దరఖాస్తు ఇక్కడే ఆగింది. అమ్మ లైసెన్సు మీద ఇంటిపేరు ముందు, డాక్టర్ ఎక్కించిన దాంట్లో ఇంటిపేరు వెనక. మన పేర్లతో ఇది మామూలే. డాక్టర్ ఆఫీసులో కూర్చున్నప్పుడే లైసెన్సు చూపించి అక్షరం అక్షరం సరిచూసుకోండి.

ఆమోదం వచ్చాక డిజిటల్ కార్డు దిగుతుంది. దాన్ని ఫోన్లో చూపిస్తే చాలు.

"ఆన్‌లైన్‌లో పది నిమిషాల్లో కార్డు" అనే ప్రకటనలు నమ్మవచ్చా?

నేను నమ్మాను. అర్ధరాత్రి, అమ్మ బాత్రూంలో వాంతి చేసుకుంటున్న చప్పుడు వింటూ, ఫోన్లో మొదట కనబడిన సైట్‌కి డబ్బు కట్టేశాను. బంగారు రంగు ముద్ర ఉన్న సర్టిఫికెట్ ఈమెయిల్లో వచ్చింది. మర్నాడు డిస్పెన్సరీలో చూపిస్తే ఆ అమ్మాయి జాలిగా చూసి, "మేడమ్, దీంతో కొనలేరు, ఈ డాక్టర్ న్యూజెర్సీ జాబితాలో లేరు" అంది. డబ్బు వెనక్కి రాలేదు.

కాబట్టి ఒక్కటే పరీక్ష. రాష్ట్రం కమిషన్ జాబితాలో ఆ డాక్టర్ పేరు ఉందా? ఉంటే సరే. లేకపోతే ఎంత అందమైన సర్టిఫికెట్ అయినా చిత్తుకాగితమే. కార్డు ఇచ్చేది రాష్ట్రం మాత్రమే, ఏ కంపెనీ కాదు.

ఎంత ఖర్చవుతుంది? ఇన్సూరెన్స్ కడుతుందా?

రాష్ట్రానికి కట్టేది చాలా తక్కువ. డిజిటల్ కార్డు ఉచితం, ప్లాస్టిక్ కార్డు కావాలంటే 10 డాలర్లు. ఒకప్పుడు ఇదే 100 డాలర్లుండేది. ఖర్చంతా డాక్టర్ ఫీజులోనూ సరుకులోనూ ఉంటుంది. పెద్దవాళ్లకిచ్చే ప్రభుత్వ బీమా మెడికేర్ గానీ మామూలు ఆరోగ్య బీమా గానీ డిస్పెన్సరీ బిల్లు కట్టవు. క్రెడిట్ కార్డులు కూడా చాలాచోట్ల నడవవు, నగదో డెబిట్ కార్డో పట్టుకెళ్లండి.

ఒక మినహాయింపు ఉంది. పనిలో గాయపడి వర్కర్స్ కాంపెన్సేషన్ కింద ఉన్న కార్మికుడికి మెడికల్ కెన్నబిస్ ఖర్చు యజమాని తిరిగి ఇవ్వాలని న్యూజెర్సీ సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో తీర్పు చెప్పింది. వెన్ను దెబ్బతిని ఏళ్లుగా ఓపియాయిడ్ మాత్రలు మింగిన ఒక నిర్మాణ కార్మికుడి కేసు అది.

అమ్మ నడవలేదు, నేను వెళ్లి తెచ్చివ్వచ్చా?

కేర్‌గివర్‌గా, అంటే రోగి తరఫున కొని తెచ్చే మనిషిగా, నమోదైతేనే. రోగి తన దరఖాస్తులో ఇద్దరి దాకా పేర్లు ఇవ్వవచ్చు. వాళ్లకీ 18 ఏళ్లు నిండాలి, న్యూజెర్సీలో ఉండాలి, వాళ్లకీ విడిగా కార్డు వస్తుంది. కొన్ని డిస్పెన్సరీలు ఇంటికే తెచ్చిస్తాయి, అది అడిగి చూడండి.

ఇక్కడ ఆగి ఒక్కసారి ఆలోచించండి. మా ఇంట్లో మొదట తమ్ముడి పేరు పెట్టాలనుకున్నాం. వాడికి కారుంది, డిస్పెన్సరీ వాడి ఆఫీసు దారిలోనే. కానీ వాడు గ్రీన్ కార్డు దరఖాస్తు మీద ఉన్నాడు. లాయర్ ఒక్క మాటలో తేల్చేశారు: "రోగి పౌరురాలైనంత మాత్రాన చాలదు. ఆ సంచి మోసేవాడు ఎవరు?" అమ్మ, నేను పౌరసత్వం తీసుకున్నాం కాబట్టి నా పేరు పెట్టాం. తమ్ముడికి తెచ్చే పని లేదు, ఇచ్చే పని లేదు, వాడి కారులో పెట్టే పని లేదు. వాడికి మొదట్లో బాధేసింది, "అమ్మకి నేనేం చేయలేకపోతున్నాను అక్కా" అన్నాడు. వారం వారం కీమోకి తీసుకెళ్లింది వాడే. చేయడానికి వేరే పనులు బోలెడున్నాయి.

పిల్లలకి ఇస్తారా?

ఇస్తారు. న్యూజెర్సీ చట్టానికి ఉన్న పేరే ఒక పిల్లవాడిది. మెదడు క్యాన్సర్‌తో 2018 జనవరిలో ఏడేళ్లకే చనిపోయిన జేక్ హోనిగ్ పేరు మీద 2019 జులైలో చట్టాన్ని విస్తరించారు. 2010 నాటి పాత చట్టంలో నెలకి ఇచ్చే పరిమాణం అయిపోయాక ఆ తల్లిదండ్రులు మళ్లీ ఓపియాయిడ్ల వైపు చూడాల్సి వచ్చింది. ఆ బాధలోంచి వచ్చిన మార్పు ఇది. మైనర్‌కి తల్లో తండ్రో కేర్‌గివర్‌గా ఉండాలి. సిఫారసు చేసేవారు పిల్లల వైద్యంలో శిక్షణ పొందినవారు కాకపోతే అలాంటి ఇంకొకరి లిఖిత నిర్ధారణ కావాలి.

మూర్ఛ ఉన్న పిల్లల తల్లిదండ్రులు ముందు ఎపిడియోలెక్స్ గురించి అడగండి. శుద్ధి చేసిన సీబీడీ అది. డ్రావే, లెనాక్స్-గాస్టో అనే తీవ్రమైన మూర్ఛలకి 2018 జూన్‌లో ఎఫ్‌డీఏ ఆమోదించింది. ఫార్మసీలో దొరుకుతుంది, బీమా కట్టే అవకాశం ఉంది, వీసా భయం లేదు.

మొదటిసారి ఎంత తీసుకోవాలి?

డాక్టర్ చెప్పినంత. నోటి ద్వారా తీసుకునే టీహెచ్‌సీ సాధారణంగా 2.5 మిల్లీగ్రాములతోనో ఇంకా తక్కువతోనో మొదలుపెడతారు. అందరూ చేసే పొరపాటు, గంట చూసి "ఏమీ కాలేదు" అని ఇంకో బిళ్ల వేసుకోవడం. తిన్నది పనిచేయడానికి అరగంట నుంచి రెండు గంటలు పట్టవచ్చు. ఆ తర్వాత రెండూ కలిసి ఒక్కసారి పైకొస్తాయి. గుండె దడ, భయం, తల తిరుగుడు. మొదటిరోజు రాత్రి, ఇంట్లో, పక్కన మనిషి ఉండగా తీసుకోండి. పెద్దవాళ్లు రాత్రి బాత్రూంకి లేచి పడిపోవడం నిజమైన ప్రమాదం, దారిలో లైటు వేసి ఉంచండి.

బిళ్లలు చూడ్డానికి పిల్లల చాక్లెట్లలా, జెల్లీల్లా ఉంటాయి. తాళం వేసి పెట్టండి. ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

వేరే మందులతో పడుతుందా? ఎవరు వాడకూడదు?

రక్తాన్ని పలచబరిచే వార్ఫరిన్, మూర్ఛకి ఇచ్చే క్లోబజామ్ వంటివాటి మోతాదుని సీబీడీ తారుమారు చేయగలదు. నిద్రమాత్రలు, ఓపియాయిడ్లు వాడేవాళ్లకి మగత రెట్టింపవుతుంది. ఇమ్యునోథెరపీలో (రోగనిరోధక శక్తితో క్యాన్సర్‌ని ఎదుర్కొనే చికిత్సలో) ఉన్నవాళ్లు ఆంకాలజిస్టుకి చెప్పకుండా ముట్టుకోవద్దు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడకూడదు. ఇంట్లో ఎవరికైనా స్కిజోఫ్రీనియా ఉన్నా, మీకు గుండెజబ్బు ఉన్నా ఆ మాట దాచకండి. మనవాళ్లు మానసిక జబ్బుల చరిత్ర డాక్టర్ దగ్గర కూడా మింగేస్తారు. ఇక్కడ అలా మింగేస్తే ప్రమాదం. అలాగే అశ్వగంధ, హోమియో, ఊరి నుంచి తెచ్చుకున్న కషాయం, ఏది వాడుతున్నా చెప్పండి.

ఉద్యోగం పోతుందా?

రోగి అన్న ఒక్క కారణంతో తీసేయకూడదని న్యూజెర్సీ చట్టం చెబుతుంది. మాదకద్రవ్యాల పరీక్షలో పాజిటివ్ వస్తే కారణం చెప్పుకోవడానికి యజమాని మూడు పనిదినాలు ఇవ్వాలి. కానీ ఫెడరల్ కాంట్రాక్టుల మీద పనిచేసేవాళ్లకి, ట్రక్కు డ్రైవర్ల లాంటి రవాణా శాఖ పరీక్షలుండే ఉద్యోగాలకి ఈ రక్షణ పనికిరాదు. క్లయింట్ కంపెనీ ఎవరో చూసుకోండి. పని వేళల్లో మత్తులో ఉండే హక్కు ఎవరికీ లేదు. తుపాకీ కొనేటప్పుడు నింపే ఫెడరల్ ఫారంలోనూ దీని గురించి ప్రశ్న ఉంది, రాష్ట్రంలో చట్టబద్ధమైనా సరే అని అక్కడే రాసి ఉంటుంది.

కారులో, విమానంలో తీసుకెళ్లవచ్చా?

కెన్నబిస్ తీసుకుని బండి నడపడం నేరం, కార్డు ఉన్నా సరే. రాష్ట్రం సరిహద్దు దాటించడం ఫెడరల్ నేరం. డెలావేర్ నది అవతల ఫిలడెల్ఫియాలో బంధువుల ఇంటికి వెళ్లినా అదే సంగతి. డెలావేర్ వాటర్ గ్యాప్ అనే విహార ప్రాంతంలో సగం మన రాష్ట్రంలోనే ఉన్నా అది ఫెడరల్ భూమి, అక్కడికీ తీసుకెళ్లకూడదు. వేసవిలో అందరం నయాగరా వెళ్తాం కదా. కెనడాలో 2018 అక్టోబర్ నుంచి చట్టబద్ధమే, అయినా సరిహద్దు దాటించడం రెండు దేశాల్లోనూ నేరం. విమానం మాటే వద్దు.

ఇండియాకి తీసుకెళ్లవచ్చా? ఆంధ్రాలో, తెలంగాణలో ఇలాంటి కార్డు ఉందా?

తీసుకెళ్లకూడదు. నూనె చుక్కలైనా, నమిలే బిళ్లయినా. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం అది మాదకద్రవ్యాన్ని దేశంలోకి దిగుమతి చేయడం, న్యూజెర్సీ కార్డు శంషాబాద్ విమానాశ్రయంలో ఎవరూ లెక్కచేయరు. అక్కడ రోగులకిచ్చే కార్డు అంటూ ఏదీ లేదు. పాడేరు ఏజెన్సీ కొండల్లో సాగు, రవాణా మీద ఏళ్లుగా నడుస్తున్న కేసులు చూస్తే ఆ చట్టం ఎంత కఠినమో తెలుస్తుంది. ఆ చట్టంలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు. విడి ఆకు ఆ నిర్వచనంలోకి రాదు. అందుకే ఆయుర్వేదంలో ఈ మొక్కకున్న 'విజయ' అనే పేరుతో ఆయుర్వేద మందులు వైద్యుడి చీటీ మీద అమ్ముతున్నారు. అవి ఇక్కడి మందుకి బదులు కావు.

ఇండియాలో ఉన్న క్యాన్సర్ రోగికి నొప్పి తట్టుకోలేకుండా ఉంటే గంజాయి కోసం వెతకడం కంటే పాలియేటివ్ కేర్ (నొప్పిని, బాధని తగ్గించే వైద్యం) విభాగం ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. సరైన మోతాదులో మార్ఫిన్ ఎంతో మందికి నొప్పి లేని రోజులు ఇస్తుంది.

పెరట్లో ఒక మొక్క పెంచుకోవచ్చా?

వద్దు. న్యూజెర్సీలో రోగికి కూడా ఒక్క మొక్క పెంచే అనుమతి లేదు, నేరమే. గోంగూర మళ్ల మధ్య ఎవరు చూస్తారులే అనుకోకండి.

అద్దె ఇంట్లో ఇబ్బందా?

పొగ తాగడాన్ని యజమాని నిషేధించవచ్చు. ప్రభుత్వ సాయంతో నడిచే సీనియర్ అపార్ట్‌మెంట్లలో ఉండే పెద్దవాళ్లు మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. అక్కడ ఫెడరల్ నిబంధనలు నడుస్తాయి, కార్డు రక్షించదు. చేరే ముందు కాగితాలు ఎవరితోనైనా చదివించుకోండి.

నలుగురికీ తెలిసిపోతుందా?

రోగుల రిజిస్ట్రీ రహస్యం. బయటివాళ్లు అడిగినా ఇవ్వరు. గుడిలో ఎవరికీ తెలియదు, మీరు చెబితే తప్ప. అమ్మ మొదట ఎవరికీ చెప్పనివ్వలేదు. తర్వాత భజన బృందంలో ఇంకొకావిడకి కీమో మొదలైందని తెలిసి తనే వెళ్లి చెప్పింది. ఆవిడ గ్రీన్ కార్డు మీద ఉందని తెలుసుకుని, "ముందు లాయర్ని అడుగమ్మా, లేదంటే ఆ ఫార్మసీ మందు పేరు రాసిస్తాను" అందట. డ్రోనాబినోల్ స్పెల్లింగ్ నన్నడిగి చీటీ మీద రాసుకుంది.

రెన్యువల్ ఎప్పుడు?

కార్డు రెండేళ్లు ఉంటుంది, డాక్టర్ ధ్రువీకరణ మాత్రం ఏడాదికి మించి ఉండదు. డాక్టర్‌ది ముందే తీరిపోతే కార్డు మీద తేదీ మిగిలి ఉన్నా కొనలేరు. గడువుకి నెల ముందే అపాయింట్‌మెంట్ తీసుకోండి. చిరునామా మారితే వెంటనే తెలియజేయండి.

అమ్మ కార్డు మేం రెన్యువల్ చేయలేదు. కీమో అయిన ఆరు వారాలకి వాంతులు ఆగిపోయాయి, సీసాలో మిగిలింది పారేశాం. ఇప్పుడు పెరుగన్నంలో ఆవకాయ కూడా కలుపుకుంటోంది.